కణాల్ని లెక్కపెట్టే ఫంక్షన్లు

ప్రశ్న: కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ద్రవాల మీద కంప్యూటర్ సిమ్యులేషన్లు చేసే బృందంలో పరిశోధనకు చేరాను. రోజూ జీ(ఆర్), అంటే రేడియల్ డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్ గ్రాఫులు గీస్తున్నాను గానీ అదేమిటో నిజంగా అర్థం కాలేదు. డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్ అంటే సంభావ్యత అని చదువుకున్నాను. మరి ఒక పుస్తకంలో దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే 1 వస్తుంది. ఇంకో పుస్తకంలో ఎన్, అంటే మొత్తం కణాల సంఖ్య వస్తుంది. రెండు కణాలదైతే ఎన్ × (ఎన్ − 1) అంటారు. జీ(ఆర్) అయితే ఏకంగా 3 దాకా పోతుంది. సంభావ్యత ఒకటి ఎలా దాటుతుంది? ముందున్న ఆ ఫ్యాక్టోరియల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి? బీబీజీకేవై సమీకరణాల అధ్యాయం తెరిస్తేనే టెన్షన్ వస్తోంది. అది వదిలేసి ముందుకు పోవచ్చా? నేను లెక్కల్లో వీక్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: ప్రశ్నలు అయిదారు ఉన్నా మీ చిక్కు ఒక్క చోటే ఉందమ్మా. ఈ ఫంక్షన్లన్నిటినీ మీరు సంభావ్యతలుగా చదువుతున్నారు. కొన్నాళ్లపాటు వాటిని సగటు లెక్కలుగా చదివి చూడండి. ‘ఈ చోట, ఇంత జాగాలో, సగటున ఎన్ని కణాలుంటాయి?’ ఇది ఒక కణం ఫంక్షన్ చెప్పే జవాబు. ‘ఒకటి ఇక్కడ, ఇంకొకటి అక్కడ ఉన్న జతలు సగటున ఎన్ని?’ ఇది రెండు కణాల ఫంక్షన్ చెప్పే జవాబు. సగటు లెక్క ఒకటి దాటకూడదన్న నియమం ఎక్కడా లేదు.

మీరు డిగ్రీలో చదివిన ఫెర్మీ–డిరాక్, బోస్–ఐన్‌స్టీన్ డిస్ట్రిబ్యూషన్లు కూడా ఈ కోవకు చెందినవే. ఒక శక్తి స్థితిలో సగటున ఎన్ని కణాలున్నాయో అవి చెబుతాయి. ఫెర్మియాన్లు ఒక స్థితిలో ఒకటికి మించి పట్టవు గనక ఆ సగటు ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే తిరుగుతుంది. సంభావ్యత అనుకున్నా అక్కడ ఇబ్బంది రాదు, అందుకే చాలామందికి ఆ అలవాటు అక్కడే పడుతుంది. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఫోటాన్లకు వేసిన లెక్కలో ఆ హద్దు లేదు. శక్తి తక్కువున్న స్థితిలో సగటు వందలు, వేలు కూడా కావచ్చు. అక్కడ సంభావ్యత ఒకటి దాటిందేమిటని ఎవరూ కంగారు పడరు, ఎందుకంటే అది లెక్క అని అందరికీ తెలుసు. జీ(ఆర్) దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ సంగతి మరిచిపోతాం.

ఇక ద్రవాల సంగతికి వద్దాం. పెట్టెలో ఎన్ కణాలున్నాయి. ఒక బిందువు చుట్టూ చిన్న జాగా తీసుకుని, అందులో సగటున ఎన్ని కణాలు కనబడతాయో చూసి, ఆ జాగా ఘనపరిమాణంతో భాగించండి. వచ్చేది ఒక కణం సాంద్రత. దీన్ని పెట్టె అంతటా కూడితే ఎన్ రాక తప్పదు, మొత్తం కణాలు అన్నే కదా. ద్రవం అంతటా ఒకేలా ఉంటే ఇది ఎన్‌ను ఘనపరిమాణంతో భాగించిన మామూలు సాంద్రతే. పుస్తకాలు దాన్ని రో అనే గ్రీకు అక్షరంతో రాస్తాయి. పుస్తకంలో దీని నిర్వచనం డెల్టా ఫంక్షన్ల మొత్తానికి సగటుగా కనిపిస్తుంది. డెల్టాను చూసి జంకకండి. ‘ఈ కణం ఈ బిందువు దగ్గరుంటే ఒకటి వేసుకో, లేకపోతే సున్నా’ అని లెక్కపెట్టే మనిషి చేసే పనే అది చేస్తుంది.

మరి కొన్ని పుస్తకాల్లో 1 ఎందుకొస్తుంది? వాళ్లు కణాలకు పేర్లు పెట్టి, ‘1వ నంబరు కణం ఇక్కడ ఉండే అవకాశం ఎంత?’ అని అడుగుతున్నారు. అది నిఖార్సైన సంభావ్యత, కాబట్టి ఇంటిగ్రేట్ చేస్తే 1. మనకు కావలసింది మాత్రం ‘ఏదో ఒక కణం ఇక్కడ ఉందా’ అన్నది. ఆ చోటికి 1వ నంబరు రావచ్చు, 2వ నంబరు రావచ్చు, ఎన్‌వ నంబరూ రావచ్చు. అందుకే ఎన్‌తో గుణిస్తాం. జతలకు కూడా ఇంతే. మొదటి చోట నిలబడే కణాన్ని ఎన్ రకాలుగా, రెండో చోట నిలబడేదాన్ని మిగిలిన ఎన్ − 1 రకాలుగా ఎంచుకోవచ్చు. గుణకం ఎన్ × (ఎన్ − 1). మూడు కణాలకు దాన్ని మళ్లీ ఎన్ − 2తో గుణించాలి. మిమ్మల్ని భయపెట్టిన ఫ్యాక్టోరియల్స్ భిన్నం ఈ గుణకారానికి పొట్టి రూపం, అంతకు మించి అందులో భౌతికశాస్త్రం ఏమీ లేదు. కొత్త పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా ముందు చూడాల్సింది దాని ఫంక్షన్‌ను ఇంటిగ్రేట్ చేస్తే ఏమొస్తుందని. 1 వస్తే పేర్లు పెట్టారు, ఎన్ × (ఎన్ − 1) వస్తే పెట్టలేదు. ఈ ఒక్క పరీక్షతో గుర్తుల గందరగోళం సగం పోతుంది.

చదివి ఊరుకుంటే ఇది మనసుకు పట్టదు. కాగితం, పెన్సిల్ తీసుకుని ఒక చిన్న లెక్క చేయండి. సిమ్యులేషన్ వద్దు, ఇంటిగ్రేషన్ కూడా వద్దు.

8 గడులున్న వలయం గీసి, గడులకు 0 నుంచి 7 దాకా అంకెలు వేయండి. అందులో 3 కణాలు పెట్టాలి. రెండు కణాలు ఒకే గడిలో గానీ, పక్కపక్క గడుల్లో గానీ ఉండకూడదు. ఇంతకు మించి వాటి మధ్య ఏ బలమూ లేదు, ఆకర్షణ అసలే లేదు. నియమానికి లోబడిన అమరికలన్నీ సమానం.

ఒక కణాన్ని 0లో పెట్టి చూడండి. మిగతా రెండూ ఎక్కడ ఉండొచ్చు? 2, 4లో, 2, 5లో, 2, 6లో, 3, 5లో, 3, 6లో, 4, 6లో. ఆరు రకాలు, అంతే. 0 స్థానంలో ఏ గడినైనా తీసుకోవచ్చు గనక 8ని 6తో గుణించి, ప్రతి అమరికా మూడుసార్లు లెక్కలోకి వచ్చింది గనక 3తో భాగిస్తే, మొత్తం అమరికలు 16. వాటిలో 0వ గడి నిండి ఉన్నవి 6. అంటే ఒక కణం సాంద్రత 6/16, అదే 3/8. మూడు కణాలను 8 గడులకు పంచితే వచ్చేది కూడా అదే కాబట్టి ఇంతవరకు లెక్క సరిగ్గానే ఉంది.

ఇప్పుడు జతల సంగతి. 0లో ఒక కణం ఉందని తెలిసిన ఆ ఆరు అమరికల్లో 2వ గడి మూడుసార్లు నిండింది. 3వ గడి రెండుసార్లు, 4వది రెండుసార్లు, 5వది రెండుసార్లు, 6వది మూడుసార్లు. 1, 7 ఒక్కసారీ నిండలేదు. కాబట్టి 0లో కణం ఉన్నప్పుడు 2వ గడిలో సగటున 1/2 కణం, 3లో 1/3, 4లో 1/3, 5లో 1/3, 6లో 1/2. వీటన్నిటినీ కూడండి. సరిగ్గా 2 వస్తుంది. 0లో ఉన్నది పోను మిగిలినవి రెండే కదా! ఎన్ − 1 ఎక్కణ్ణుంచి వస్తుందో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

జీ అంటే ఈ సగటును మామూలు సాంద్రతతో పోల్చి చెప్పే నిష్పత్తి. 1/2ను 3/8తో భాగిస్తే 4/3, అంటే 1.33. 1/3ను 3/8తో భాగిస్తే 8/9, అంటే 0.89. దూరం 1 అయితే 0, దూరం 2 అయితే 1.33, 3కీ 4కీ 0.89. ఇదే మీరు రోజూ గీస్తున్న గ్రాఫు! ముందు సున్నా, తర్వాత ఒక శిఖరం, ఆ తర్వాత చిన్న పల్లం. 1.33 అంటే ఏమిటో కూడా ఇప్పుడు మాటల్లో చెప్పొచ్చు: ఒక కణానికి రెండు గడుల దూరంలో, ఊరికే ఏదో ఒక గడిలో ఉండేదానికంటే మూడో వంతు ఎక్కువ కణాలుంటాయి.

పేర్లు పెట్టి కూడా ఒకసారి లెక్కించండి. 16 అమరికల్లో ఒక్కోదానికి ఆరు రకాలుగా నంబర్లు వేయొచ్చు, మొత్తం 96. 1వ నంబరు 0లో, 2వ నంబరు 2లో ఉన్నవి మూడే, ఎందుకంటే 3వ నంబరుకు 4, 5, 6 తప్ప వేరే గడి లేదు. సంభావ్యత 3/96, అంటే 1/32. దాన్ని 3 × 2తో గుణిస్తే 3/16. పేర్లు లేకుండా లెక్కపెట్టినా అంతే: 16 అమరికల్లో 0, 2 రెండూ నిండినవి మూడు. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయని తేలిపోయింది.

ఈ చిన్న లెక్కలో ఇంకో సంగతి దాగుంది, పరిశోధన చేసేవాళ్లు కూడా దాన్ని తరచుగా జారవిడుస్తారు. ఇక్కడ ఆకర్షణ లేదు, అయినా శిఖరం వచ్చింది. జాగా ఇరుకైనప్పుడు కణాలు ఒకదానికొకటి దగ్గరగా సర్దుకోక తప్పదు, శిఖరం ఆ ఇరుకువల్ల వచ్చిందే. జీ(ఆర్)లో శిఖరం కనబడగానే ‘ఇక్కడ అణువులు బలంగా ఆకర్షించుకుంటున్నాయి’ అని రాసేస్తే పొరపాటే. ఒక గీత మీద జరిగే గట్టి కడ్డీల వాయువుకు 1936లో లెవీ టోంక్స్ పీడనాన్ని కచ్చితంగా లెక్కగట్టాడు. దాన్నుంచి తాకిడి దూరంలో జీ విలువ తేలిగ్గా వస్తుంది: గీతలో ఎంత వంతు కడ్డీలు ఆక్రమించాయో చూసి, మిగిలిన ఖాళీ వంతుతో 1ని భాగించడమే. గీత సగం నిండితే జీ 2. అక్కడా ఆకర్షణ ఊసే లేదు. సాంద్రత బాగా తక్కువగా ఉన్న వాయువులో మాత్రం జీ నేరుగా రెండు అణువుల మధ్య శక్తి మీదే ఆధారపడుతుంది. ఆ శక్తిని కేటీతో (బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత) భాగించి, రుణగుర్తు పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే సరిపోతుంది. ద్రవంలో ఆ సూత్రం వాడి లోపలి శక్తిని వెనక్కి తవ్వాలని చూస్తే మీకు దొరికేది ఇరుగుపొరుగు కణాలన్నీ కలిసి చేసిన సగటు ప్రభావం. దాన్ని పొటెన్షియల్ ఆఫ్ మీన్ ఫోర్స్ అంటారు, అణువుల మధ్య ఉండే అసలు శక్తి వేరు.

ఇప్పుడు మీ 3 సంగతి. మీరు చెప్పింది ఏదో సాదా ద్రవం గ్రాఫు అయి ఉంటుంది, ద్రవ ఆర్గాన్‌కు మొదటి శిఖరం దాదాపు అంతే ఉంటుంది. 1964లో అనీసుర్ రెహమాన్ 864 ఆర్గాన్ పరమాణువులతో, 94.4 కెల్విన్ దగ్గర, ఘన సెంటీమీటరుకు 1.374 గ్రాముల సాంద్రతతో చేసిన సిమ్యులేషన్ ఈ రంగంలో మైలురాయి. ఆ సాంద్రతను పరమాణువుల్లోకి మారిస్తే ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు సుమారు 0.0207. ఒక పరమాణువు మీద కూర్చుని, 3.65 నుంచి 3.75 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం దాకా పలుచని గుల్లను ఊహించుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 17.2 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. పరమాణువులు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా చెదిరి ఉంటే ఆ గుల్లలో సగటున 0.36 పరమాణువు ఉండేది. జీ దాదాపు 3 అంటే నిజంగా అక్కడ ఉండేది సుమారు ఒకటి. 3 చెప్పేది ఇంతే. ఇలా మొదటి పల్లం దాకా గుల్లలన్నీ కూడుకుంటూ పోతే 12కి కాస్త అటూ ఇటూగా వస్తుంది, అది పొరుగు పరమాణువుల సంఖ్య. నీటిలో ఆక్సిజన్ల మధ్య మొదటి శిఖరం 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వస్తుంది, పొరుగువారి సంఖ్య నాలుగు పైచిలుకు మాత్రమే. రెండు ద్రవాలకూ ఉన్న తేడా ఈ ఒక్క అంకెలోనే చాలావరకు తెలిసిపోతుంది.

జీ తెలిస్తే ఇంకా ఏం తెలుస్తుందని అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే రోజూ గీసే గ్రాఫు మీద గౌరవం కలగాలి కదా. కణాల మధ్య శక్తి జతలవారీగా కూడేదైతే మొత్తం శక్తిని జీ నుంచే తీయొచ్చు. ఒక కణం చుట్టూ ఉన్న ప్రతి గుల్లలో పొరుగువారిని లెక్కపెట్టి, ఆ దూరంలో ఉండే శక్తితో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి. సగం ఎందుకంటే ప్రతి జతనీ రెండు వైపుల నుంచీ లెక్కపెట్టాం. పీడనానికి శక్తి బదులు బలం వస్తుంది, పద్ధతి అదే. గట్టి గోళాలకైతే పీడనం మొత్తం ఒక్క విలువ మీద, తాకిడి దూరంలో జీ ఎంతన్న దాని మీద నిలబడుతుంది. ప్రయోగాల్లోనూ దీన్ని కొలుస్తారు. ద్రవం మీద పడి చెదిరే ఎక్స్ కిరణాల తీరుకూ జీకీ ఫోరియర్ సంబంధం ఉందని జెర్నికె, ప్రిన్స్ 1927లోనే చూపించారు.

ఇక్కడ ఒక గుంట ఉంది. మీరు ఎలాగూ అందులో కాలు వేస్తారు గనక ముందే చెబుతున్నాను. ద్రవం ఎంత తేలిగ్గా నొక్కుకుపోతుందో చెప్పే సూత్రం ఒకటి ఉంది: జీ నుంచి 1 తీసేసి, రోతో గుణించి, అంతటా ఇంటిగ్రేట్ చేసి, 1 కలపండి. వచ్చేది రో × కేటీ × నొక్కుడు గుణకం. మన వలయంలో వేసి చూద్దాం. రో × జీ అన్ని గడుల్లోనూ కలిపితే 2. రో ఒక్కటే అన్ని గడుల్లోనూ కలిపితే 3. తేడా −1, దానికి 1 కలిపితే సున్నా! అంటే ఈ వలయం అసలు నొక్కుకుపోదా? ఏ ద్రవం తీసుకున్నా, ఎన్ని కణాలు తీసుకున్నా ఇదే జవాబు వస్తుంది, ఎందుకంటే ఎన్ − 1 లోంచి ఎన్ తీసేస్తే ఎప్పుడూ −1.

లెక్క తప్పు కాదు. తప్పల్లా సూత్రం వర్తించని చోట వాడడంలో ఉంది. ఆ సూత్రం వెనకున్నది కణాల సంఖ్యలో హెచ్చుతగ్గులు. ఒక ప్రాంతంలోకి కణాలు వస్తూ పోతూ ఉంటే ఆ సంఖ్య ఎంత ఊగుతుందో దాన్ని బట్టి నొక్కుడు గుణకం తెలుస్తుంది. మూసేసిన పెట్టెలో సంఖ్య ఊగదు, కాబట్టి సున్నా రావడమే న్యాయం. కణాలు రాకపోకలు సాగించే గ్రాండ్ కెనానికల్ పద్ధతిలో జీ తీసుకుంటే సరైన విలువ వస్తుంది. మూసిన పెట్టెలో చాలా దూరంలో కూడా జీ సరిగ్గా 1 దగ్గర ఆగదు. 1 కంటే రవ్వంత కిందకి, రో × కేటీ × నొక్కుడు గుణకాన్ని ఎన్‌తో భాగిస్తే ఎంతో అంత కిందకి దిగి ఆగుతుంది. చూడ్డానికి అది ఏపాటి? కానీ ఆ రవ్వంత తేడా పెట్టె అంతటా, పెద్ద ఘనపరిమాణం మీద కూడుకుని ఫలితాన్ని మొత్తం మింగేస్తుంది. సిమ్యులేషన్ జీ(ఆర్) నుంచి ఈ ఇంటిగ్రల్ నేరుగా లెక్కగట్టి, వచ్చిన అంకెను నమ్మేయకండి. పెద్ద పెట్టెలో ఒక చిన్న ప్రాంతం తీసుకుని అందులో కణాల సంఖ్య ఎలా ఊగుతుందో చూడడం ఇంతకంటే భద్రమైన దారి.

వేగాల విషయం రెండు మాటల్లో ముగించవచ్చు. స్థానంతోపాటు ద్రవ్యవేగాన్ని కూడా కలిపి లెక్కపెడితే వచ్చే ఫంక్షన్‌ను పుస్తకాలు ఎఫ్ అని రాస్తాయి. సమతాస్థితిలో, క్లాసికల్ కణాలకు ఆ వేగాల భాగం మాక్స్‌వెల్ సూత్రంగా విడిపోయి పక్కకు తప్పుకుంటుంది, మిగిలేవి మనం చూసిన స్థానాల ఫంక్షన్లు. ద్రవం ఎంత చిక్కనిదైనా ఇది నిజం. సమతాస్థితి లేనప్పుడే ఎఫ్‌తో అసలు పని పడుతుంది, పలుచని వాయువుల్లో అది కాలంతో ఎలా మారుతుందో చెప్పేదే 1872 నాటి బోల్ట్‌జ్‌మన్ సమీకరణం. మీ పనికి ప్రస్తుతం అది అక్కర్లేదు.

ఇక బీబీజీకేవై. ఆ అక్షరాలు బోగోల్యుబోవ్, బార్న్, గ్రీన్, కిర్క్‌వుడ్, ఇవోన్ అనే అయిదుగురివి. ఇవోన్ 1935లో, తక్కినవాళ్లు 1946 ప్రాంతంలో ఆ దారిన నడిచారు. అధ్యాయమంతా ఇండెక్సుల అడవిలా ఉన్నా అందులో చెప్పేది ఒక్క సంగతే. 0 దగ్గర ఒక కణం, కొంత దూరంలో రెండో కణం ఉన్నాయనుకోండి. ఆ రెండోదాని మీద సగటున ఎంత బలం పడుతుంది? మొదటిది నేరుగా తోసే బలం తెలుసు. కానీ చుట్టూ ఉన్న మూడో కణాలు కూడా తోస్తాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలంటే మూడు కణాల ఫంక్షన్ కావాలి. దాని సమీకరణం రాస్తే నాలుగు కణాలది కావాలి. ఇలా మెట్టు మీద మెట్టు, ఎన్ దాకా. ఎక్కడో ఒకచోట ‘ఇక చాలు’ అని పై మెట్టును కింది మెట్ల నుంచి ఊహించుకోవాలి.

కిర్క్‌వుడ్ 1935లో చెప్పిన ఊహ చాలా సహజంగా ఉంటుంది: ముగ్గురి జీ అంటే మూడు జతల జీల లబ్ధం. అది ఎంత బాగా పనిచేస్తుందో మన వలయంలోనే పరీక్షించవచ్చు. 16 అమరికల్లో ప్రతిదానికీ బరువు 1/16. దాన్ని 3/8 ఘనంతో భాగిస్తే మూడు కణాల కచ్చితమైన జీ 1.19, అన్ని అమరికలకూ ఇదే. ఇప్పుడు కిర్క్‌వుడ్ పద్ధతిలో: 0, 2, 4 గడుల మధ్య దూరాలు 2, 2, 4, లబ్ధం 1.33 × 1.33 × 0.89, అంటే 1.58. 0, 2, 5 అయితే దూరాలు 2, 3, 3, లబ్ధం 1.05. అసలు రెండూ 1.19 ఉండాలి. కిక్కిరిసిన అమరికను అది ఎక్కువగా చూపిస్తోంది, కాస్త విడిగా ఉన్నదాన్ని తక్కువగా చూపిస్తోంది. వలయం చాలా చిన్నది కాబట్టి తేడాలో కొంత భాగం దానివల్ల కూడా వచ్చింది. అయినా ఈ ఊహ సాంద్రత తక్కువైన చోట ఫరవాలేదనీ, చిక్కని ద్రవంలో తడబడుతుందనీ ఇక్కడే ఒక అంచనాకు రావచ్చు. అందుకే తర్వాతి తరం వేరే దారి తొక్కింది. ఆర్న్‌స్టీన్, జెర్నికె 1914లో రాసిన సమీకరణాన్ని తీసుకుని పెర్కస్, యెవిక్ 1958లో చేసిన ఉజ్జాయింపు గట్టి గోళాలకు బాగా కుదిరింది. 1963లో వర్ట్‌హైమ్, థీలె దాన్ని విడివిడిగా పూర్తిగా సాధించి చూపారు.

కాబట్టి బీబీజీకేవై వదిలేయవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు: ఆ సమీకరణాలను రాబట్టే లెక్కంతా ఇప్పటికి వదిలేయండి, సమతాస్థితికి వచ్చే మొదటి మెట్టు సమీకరణం మాత్రం వదలొద్దు. దాన్ని ఓసారి మీ సొంత మాటల్లో, పైన చెప్పినట్టు బలాల లెక్కగా రాసుకోండి. సిమ్యులేషన్ మీద పనిచేసేవాళ్లకు అంతకు మించి అవసరం పడేది గతిజ సిద్ధాంతంలోకి (కైనెటిక్ థియరీ) దిగినప్పుడే.

లెక్కల్లో వీక్ అన్నారు. ఈ వలయం లెక్కలో కూడికలు, భిన్నాలు తప్ప ఏం వాడాం చెప్పండి? ద్రవాలకు పోతే దీనికి తోడు కావలసినవి మూడు: గోళాకార గుల్లల ఇంటిగ్రేషన్, డెల్టా ఫంక్షన్ అలవాటు, ఫోరియర్ మార్పిడి. మొదటి రెండూ కూర్చుంటే వచ్చేస్తాయి. మూడోది ఎక్స్ కిరణాల దాకా పోయినప్పుడు చూసుకోవచ్చు. చదివే క్రమం కూడా అదే పెట్టుకోండి: ముందు వలయం, తర్వాత టోంక్స్ కడ్డీలు, తర్వాత పలుచని వాయువు, ఆ పైన మీ ద్రవం. చాలా పుస్తకాలు సాధారణ నిర్వచనంతో మొదలుపెట్టి ఉదాహరణలకు చివర్లో వస్తాయి. ఈ విషయంలో ఆ వరుస నాకు నచ్చదు, తిరగేసి చదివినా నష్టం లేదు.

చివరగా మీరు రోజూ నడిపే ప్రోగ్రాం గురించి. ఎవరో రాసిచ్చిన జీ(ఆర్) కోడ్ వాడుతున్నారని నా అనుమానం, లేకపోతే అది ఏమిటో తెలియకుండా గీసే వీలు లేదు. దాన్ని పక్కన పెట్టి ఒకసారి సొంతంగా రాయండి, ముప్ఫై నలభై లైన్లకు మించదు. ప్రతి జత దూరాన్నీ కొలిచి, ఏ గుల్లలో పడిందో ఆ డబ్బాలో ఒకటి వేయాలి. ప్రతి జతనీ ఒక్కసారే లెక్కపెడితే రెండుతో గుణించాలి. తర్వాత ఫ్రేముల సంఖ్యతో, ఎన్‌తో, గుల్ల ఘనపరిమాణంతో, రోతో భాగించాలి. ఎక్కడ తప్పు జరిగిందో గ్రాఫే చెబుతుంది. రెండుతో గుణించడం మరిస్తే దూరంలో గ్రాఫు 1 బదులు 0.5 దగ్గర ఆగుతుంది. గుల్ల ఘనపరిమాణం మరిస్తే దూరంతోపాటు వర్గంలా పెరుగుతూ పోతుంది. పెట్టె అంచులో సగం దాటి కొలిస్తే హఠాత్తుగా కిందికి జారుతుంది. రెహమాన్ పెట్టె అంచు సుమారు 34.7 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే అలాంటి పెట్టెలో 17.3 దాటాక గీసిన గ్రాఫుకు విలువ లేదు.

కోడ్ పూర్తయ్యాక దాన్ని ద్రవం మీద ప్రయోగించే ముందు, ఒకదాన్నొకటి పట్టించుకోని 10 కణాలను పెట్టెలో యాదృచ్ఛికంగా చల్లి, అలా కొన్ని వేల ఫ్రేములు చేసి, వాటి మీద నడపండి. రావలసిన గ్రాఫు 0.9 దగ్గర అడ్డంగా సాగే గీత, ఎందుకంటే బలాలు లేనప్పుడు జీ అంటే 1 − 1/ఎన్. 1 దగ్గర వచ్చిందంటే మీ కోడ్‌లో ఎక్కడో ఎన్ బదులు ఎన్ − 1తో భాగించారన్నమాట. కొందరు కావాలనే అలా చేస్తారు. మీరు ఏది ఎంచుకున్నారో కోడ్‌లో ఆ లైను పక్కనే ఒక వ్యాఖ్యగా రాసి పెట్టుకోండి.